చిలక బొమ్మ సంచి, ఇరవై రెండు కంచాలు: మా కొల్లేరు ప్రయాణం

తాడేపల్లిగూడెంలో మా చర్చి స్త్రీల సమాజం ఏటా క్రిస్మస్ హడావుడి అంతా సద్దుమణిగాక, జనవరి నెలాఖరులో ఒక రోజు ఎక్కడికైనా వెళ్ళి వస్తుంది. కిందటేడు కొల్లేరు వెళ్ళాం. పక్షుల్ని చూశాం, పడవ ఎక్కాం, కడుపునిండా తిన్నాం, వచ్చాం. అందరికీ ఎంత నచ్చిందంటే ఈ ఏడాదీ అక్కడికే వెళ్దామని నవంబరులోనే తీర్మానం అయిపోయింది. పడవ నాగేశ్వరరావు గారి నంబరు నా దగ్గరే ఉంది కాబట్టి ఫోను చేసే పని నా మీద పడింది. "గూడెం నుంచి లెక్కల టీచర్ని మాట్లాడుతున్నానండి" అనగానే ఆయన ఎంతో మర్యాదగా, "మీకు పడవ లేదండి" అన్నారు. పోనీ ఇంకో రోజు వస్తామన్నాను. "ఏ రోజూ లేదండి" అన్నారు. ఇంకెవరి పడవైనా చూసి పెట్టమన్నాను. "మా రేవులో ఎవరి పడవా మీకు లేదండి, ఏమనుకోకండి" అని ఫోను పెట్టేశారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా స్కూల్లో పిల్లలందరికీ తెలుసు. డబ్బులిచ్చి ఎక్కే పడవకి ఇంత బెట్టేమిటని, మర్నాడు ఆదివారం ఆరాధన అవ్వగానే ఏలూరు బస్సెక్కి, అక్కడి నుంచి షేరాటోలో కొల్లేటి లంక ఊళ్ళ దారి పట్టుకుని, పోట్లాడ్డానికే వెళ్ళాను. నాగేశ్వరరావు గారు ఇంట్లో లేరు. ఆయన భార్య చిట్టెమ్మ గారు వల బాగుచేసుకుంటూ కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి పీట వేసి, మంచినీళ్ళిచ్చి, నేను తాగేదాకా ఆగి అప్పుడు చెప్పింది.

కిందటేడు మా భోజనాలయ్యాక థర్మాకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు అన్నీ ఒక్క ముక్క వదలకుండా ఏరింది నేనే. ఎర్ర చిలక బొమ్మ ఉన్న బియ్యం సంచిలో కుక్కి, మూతికి మూడు ముళ్ళు వేసి, రేవులో పడవ కట్టే గుంజకి ఆనించి నిలబెట్టింది కూడా నేనే. "చూశారా, మనం వచ్చినట్టే లేదు" అని అందరితో గొప్పగా అన్నాను. మా వీధిలో మూట కట్టి గుమ్మం ముందు పెడితే పొద్దున్నే మున్సిపాలిటీ ట్రాక్టరు వచ్చి పట్టుకుపోతుంది. చుట్టూ నీళ్ళున్న ఊరికి ఏ ట్రాక్టరు వస్తుందన్న ఆలోచన, పాతికేళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్న ఈ బుర్రకి తట్టలేదు. రెండు రోజులు ఆ మూట అక్కడే ఉందట. మూడో రోజు కుక్కలు మూతి పక్కన చింపాయి. గాలికి ప్యాకెట్లన్నీ నీళ్ళలోకి పోయి, మావుల్లో, అంటే వెదురు పుల్లలతో అల్లిన చేపల బోనుల్లో, ఇరుక్కున్నాయి. ప్లేట్ల ముక్కలు చిట్టెమ్మ గారి గేదెదూడ తింది. అన్నం వాసనకి తినేసి ఉంటుంది. ఏలూరు నుంచి డాక్టర్ని తెచ్చారు. దూడ బతికింది గానీ పది రోజులు మేత ముట్టలేదట.

"మీరు మూట కడతంటే నేను చూశానండి. ఎంత బాగా కడతన్నారో అనుకున్నాను. ఎవరి కోసం కడతన్నారో తెలవలేదు" అంది చిట్టెమ్మ గారు. ఎవరో ఒకరు తీసుకెళ్తారనుకున్నానండి అన్నాను. "ఎవరండి?" అని అడిగింది. దెప్పుతూ అడగలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. పోట్లాటకని వెళ్ళినదాన్ని తల దించుకుని కూర్చున్నాను. సిగ్గంటే ఏమిటో నాకు ఆ పీట మీద తెలిసింది.

అంతలో నాగేశ్వరరావు గారు వచ్చారు. నేను క్షమాపణ మొదలుపెడితే చెయ్యెత్తి ఆపారు. "మాటలెందుకులెండి. ఒక పని చెయ్యండి. వచ్చేటప్పుడు తెచ్చింది ప్రతిదీ రేవులో మా ఆవిడకి చూపించండి. ఎల్లేటప్పుడు అదంతా మళ్ళీ చూపించండి. తిన్నది, తాగింది పోను ఒక్కటి తగ్గినా ఇంక గూడెం వాళ్ళకి ఈ రేవు లేనట్టేనండి." అలాగేనండి అన్నాను. నేను మాటిచ్చింది ఇరవై రెండు మంది తరఫున. అందులో ఇరవై ఒక్క మందికి ఈ సంగతి ఇంకా తెలియదు.

తెలిశాక జరిగిన గొడవ అంతా రాయను. మా సమాజానికి అధ్యక్షురాలు కరుణమ్మ గారు. నాకంటే పదేళ్ళు పెద్ద, నా కోపానికి అస్సలు భయపడని మనిషి. "స్టీలు కంచాలు మోసుకుని పిక్నిక్కి వెళ్ళడమేంటి శాంతగారూ, చూసినవాళ్ళు మనల్ని ఇల్లు ఖాళీ చేసి పోతున్నారనుకోరూ?" అన్నారు. పోనీ కాగితం ప్లేట్లు కొని వెనక్కి తెచ్చేద్దాం అన్నారు ఇంకొకరు. తెచ్చి ఎక్కడ పడేస్తాం, మన వీధిలోనేగా, అక్కడి నుంచి ఎక్కడికి పోతుందో మనలో ఎవరికైనా తెలుసా అని అడిగాను. ఎవరికీ తెలియదు. అలా వాదించుకుంటూ వాదించుకుంటూ ఒక కట్టుబాటుకి వచ్చాం. ఈ ప్రయాణం కోసం కొత్తగా ఏదీ కొనకూడదు, ఇంట్లో ఉన్నవాటితోనే గడవాలి. మాలో కుట్టుపని చేసే ఆవిడ పాత చీరల అంచులు కలిపి ఇరవై రెండు సంచులు కుట్టింది. మా పక్కింటి పాలవాళ్ళు ఒక రోజుకి రెండు పాల క్యాన్లు ఇచ్చారు, మంచినీళ్ళకి. కంచాల సంగతైతే మరీ సులువు. మన ఇళ్ళలో స్టీలు సామాను అంటే దాని మీద పేరు కొట్టించి ఉంటుందిగా. పెళ్ళికిచ్చినదైనా, ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చినదైనా పేరు లేని గిన్నె గిన్నే కాదు మనకి. కాబట్టి ఎవరి కంచం ఎవరిదన్న తగువే రాదు.

ఇక ఆ రోజు. తాడేపల్లిగూడెం స్టేషన్లో ఆరున్నర ప్రాంతంలో విజయవాడ వైపు వెళ్ళే ప్యాసింజరు దొరుకుతుంది. టికెట్టు పది రూపాయల లోపే. ఏలూరుకి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. బస్సులో అయితే జాతీయ రహదారి మీద ఇంకాస్త తొందరగా వెళ్ళొచ్చు గానీ ఇరవై రెండు మంది కలిసి కూర్చోవాలంటే రైలే మేలు. చేబ్రోలు దాటేసరికి టీ అమ్మే అతను వచ్చాడు. ప్లాస్టిక్ కప్పుల దొంతర తీయబోతుంటే ఇరవై రెండు సంచుల్లోంచి ఇరవై రెండు స్టీలు గ్లాసులు బయటికొచ్చాయి. అతను ఒక్క క్షణం అలా నిలబడిపోయాడు. "ఇదేంటండీ, ఏదన్నా వ్రతమా?" అన్నాడు. కాదు నాయనా, మొక్కు అన్నాను. మా గ్లాసులు పెద్దవి కాబట్టి కప్పు కొలతకి పోస్తే అడుగున కనిపించీ కనిపించనట్టు ఉంది టీ. కరుణమ్మ గారు గ్లాసు వంచి చూపించి, "బాబూ, ఇది టీయా, మరకా?" అని అడిగారు. బోగీ అంతా నవ్వింది. అతనూ నవ్వి అందరికీ ఇంకో గరిటెడు పోశాడు. పుల్ల, భీమడోలు, దెందులూరు దాటుతుంటే కిటికీ పక్కన రెండో పంట దాళ్వా నాట్ల పచ్చదనం చూస్తూ ఆ టీ తాగాం. కిటికీలోంచి విసరడానికి ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. అప్పుడే నాకు మొదటిసారి గెలుస్తామేమో అనిపించింది.

ఏలూరు స్టేషన్ బయట మూడు పెద్ద ఆటోలు మాట్లాడుకున్నాం. రానూపోనూ, మధ్యలో ఆగడంతో కలిపి ఆటోకి నాలుగు వందలు. పాత బస్టాండు వైపు నుంచి కాలవ దాటి దక్షిణంగా పోతే ఊరు అయిపోయి చేపల చెరువులు మొదలవుతాయి. రోడ్డు సగం గతుకులే, నడుంనొప్పి ఉన్నవాళ్ళు ముందు సీట్లో కూర్చోండి. మా ఆటో డ్రైవరు ముప్ఫై ఏళ్ళవాడు, మంచివాడే. సగం దారిలో వాటర్ ప్యాకెట్టు కొరికి తాగి, ఖాళీది బయటికి విసిరాడు. నేను ఆటో ఆపమన్నాను.

"ఏమైందండీ, ఏదన్నా పడిపోయిందా?" అన్నాడు కంగారుగా.

"నీదే పడిపోయింది బాబూ. వెళ్ళి తీసుకురా."

"అది గాలికి పోతుందిలెండి టీచరు గారూ."

"గాలి ఎక్కడికి తీసుకెళ్తుందో నాకు తెలుసు. నేను చూసొచ్చాను."

నా మొహం చూసి దిగి, యాభై అడుగులు వెనక్కి నడిచి ఆ ప్యాకెట్టు తెచ్చిచ్చాడు. దాన్ని నా చిన్న టిఫిన్ డబ్బాలో వేశాను. ఈ రోజు చెత్త అంతా ఈ డబ్బాలోకే అని ముందే అనుకున్నాను. పట్టకపోతే ఓడిపోయినట్టే అని కూడా అనుకున్నాను.

రేవుకి చేరేసరికి తొమ్మిదీ పావు. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు, వాళ్ళే వద్దన్నారు. "పేరు రాస్తే జనం బస్సులేసుకు వచ్చేస్తారండి" అన్నారు నాగేశ్వరరావు గారు, నేనేదో పెద్ద పేపరు నడుపుతున్నట్టు. ఏలూరు పాత బస్టాండులో లంకల ఆటోలు ఎక్కడాగుతాయని అడిగితే చాలు, ఇలాంటి రేవులు మూడు నాలుగు ఉన్నాయి. చిట్టెమ్మ గారు గట్టు మీద పాత పరదా పరిచి సిద్ధంగా ఉంది. మేం తెచ్చినవన్నీ దాని మీద పెట్టమంది. కంచాలు ఇరవై రెండు, గ్లాసులు ఇరవై రెండు, చీరల సంచులు ఇరవై రెండు, పాల క్యాన్లు రెండు, పులిహోర గిన్నె, పెరుగన్నం గిన్నె, వంకాయ కూర క్యారేజీ, గరిటెలు నాలుగు. ఆవిడ వేళ్ళ కణుపుల మీద లెక్క పెట్టుకుంటూ ఒక్కో కంచం ఎత్తి పేరు చదివింది. మా సమాజం ఆడవాళ్ళంతా హాజరు పిలిచినట్టు చేతులెత్తారు. ఎక్కువ మాట్లాడని దీనమ్మ గారి కంచం వచ్చేసరికి చిట్టెమ్మ గారు ఆగి, "ఎస్. దీనమ్మ, స్టాఫ్ నర్సు" అని రెండుసార్లు చదివింది. ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు పని చేసి దిగిపోయినప్పుడు తోటి నర్సులు ఇచ్చిన కంచం అది. దీనమ్మ గారు రోజూ అందులోనే తింటారు.

రెండు పడవలు, మూడు గంటలకి కలిపి ఐదు వందలు. సరస్సులో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసి రెండేళ్ళయింది కదా, తెగిన గట్ల మధ్య నీళ్ళు మళ్ళీ ఒకటిగా కలిసిపోతున్నాయి. అక్కడక్కడా రెల్లులాంటి కిక్కిస దుబ్బులు, గుర్రపుడెక్క తివాసీలు, వాటి మీద పొడుగు వేళ్ళతో నడిచే నీటికోళ్ళు. గూడబాతులు గుంపుగా నీళ్ళ మీద వాలుతుంటే పెద్ద బరువులు దింపినట్టు చప్పుడు. పక్షుల కోసం వెళ్ళేవాళ్ళు పదకొండు లోపు పడవలో ఉండాలి, ఎండ ముదిరితే అవి కనిపించవు. నాగేశ్వరరావు గారు గెడ వేస్తూ ప్రతి పక్షి పేరూ చెప్పారు. ఆయన పడవలో నీళ్ళు తోడే డొప్ప ఒకప్పటి కిరసనాయిలు డబ్బా. కూర్చునే బల్ల, పాడైపోయిన ఇంకో పడవ పలక. చిరిగిపోయిన వల ఏం చేస్తారని అడిగాను. "చిరిగితే కుడతాం. కుట్టడానికి కుదరకపోతే దొడ్డికి కంచె కడతాం. అదీ పోతే తాడు పేనుకుంటాం" అన్నారు. తాడూ తెగిపోతే? ఆయన నవ్వి, "అప్పటికి మేం పోతామండి" అన్నారు. ఒక్కరోజు కంచాలు మోసుకొచ్చినందుకే లోకాన్ని ఉద్ధరిస్తున్నట్టు పొద్దుట్నుంచీ తెగ మురిసిపోతున్నాను. ఇక్కడ ఇది బతుకు, దీనికి పేరు కూడా లేదు. కాస్త తగ్గాను.

పన్నెండున్నరకి చిట్టెమ్మ గారి పాక ముందు భోజనాలు. మేం తెచ్చినదానికి తోడు ఆవిడ మట్టికుండలో కొరమేను పులుసు పెట్టింది, మనిషికి ముప్ఫై రూపాయలు, ముందు రోజే ఫోను చేసి చెప్పాలి. చింతపండు, పచ్చిమిర్చి తప్ప పెద్ద మసాలా ఏం లేదు. కరుణమ్మ గారు రెండుసార్లు వేయించుకుని, "ఈ పులుసు థర్మాకోల్ ప్లేటులో తింటే పాపం తగిలేది" అన్నారు. ఆ మాట నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వంకాయ తొడిమలు, అరటిపండు తొక్కలు గేదెకి వెళ్ళాయి. దాని పక్కన నిలబడి తొక్కలు నమిలేది ఆ దూడే. ఇప్పుడు బాగా ఎదిగింది. ముళ్ళు కుక్కలకీ పిల్లులకీ. పాక వెనక పొయ్యి బూడిద, కొబ్బరి పీచు తీసుకుని అందరం రేవులో కంచాలు తోముకోవడానికి కూర్చున్నాం.

అక్కడ జారింది దీనమ్మ గారి కంచం. బూడిద చేతులు, నున్నటి స్టీలు. మెట్టు మీంచి ఒక్కసారి తళుక్కుమని నీళ్ళలోకి జారి, గుర్రపుడెక్క కిందికి పోయింది. నలుగురం మోకాళ్ళ లోతు దిగి వెతికాం. అడుగున బురద మెత్తగా పట్టుకుంటోంది, కాలు పెడితే వెనక్కి రావడం లేదు. అరగంట వెతికి పైకొచ్చాం. దీనమ్మ గారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ నీళ్ళ వైపే చూస్తున్నారు. ఆవిడకి కంచం పోయింది, నాకు మాట పోయింది.

కరుణమ్మ గారు నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించారు. "శాంతగారూ, గిన్నెల మీద మూతగా తెచ్చిన కంచం ఒకటుంది. పొద్దున్న అది గిన్నెతోపాటే లెక్కలో పోయింది. దాన్ని ఇప్పుడు ఇందులో కలిపేస్తే ఇరవై రెండూ సరిపోతాయి. ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు." మంచి ఉపాయం. నిజం చెప్పొద్దూ, ఒక నిమిషం పాటు నాకూ నచ్చింది. ఆ కంచం చేతిలోకి తీసుకుని పేర్చిన కంచాల దాకా వెళ్ళాను కూడా. కానీ అన్నీ ఒద్దికగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండటం చూస్తే, కిందటేడు మూడు ముళ్ళు వేసిన మూట గుర్తుకొచ్చింది. అదీ చూడ్డానికి ఇంత ముచ్చటగానే ఉంది. మూత కంచం తెచ్చి మళ్ళీ గిన్నె మీదే పెట్టేశాను. "చెప్పేద్దామండి" అన్నాను. కరుణమ్మ గారు నా మొహంలోకి చూసి, "చెబితే పడవ పోతుంది" అన్నారు. పోతే పోయిందన్నాను గానీ లోపల ఏడుపొచ్చింది.

నాలుగింటికి మళ్ళీ పరదా పరిచారు. ముందు నా టిఫిన్ డబ్బా తెరిచి చూపించాను. ఆటో డ్రైవరు వాటర్ ప్యాకెట్టు, రెండు రబ్బరు బ్యాండ్లు, ఒక విరిగిన పిన్నీసు. అప్పుడు కరుణమ్మ గారు హ్యాండ్‌బ్యాగు తెరిచి ఎవరి వైపూ చూడకుండా ఒక బిస్కెట్ల కాగితం తీసి డబ్బాలో వేశారు. "షుగరున్న మనిషినండీ, మధ్యలో ఏదో ఒకటి పడాలి" అన్నారు. కొత్తగా ఏదీ కొనకూడదన్న తీర్మానం మీద మొదటి సంతకం ఆవిడదే. ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు. ఇరవై రెండు మంది ఒక రోజంతా తిని, తాగి, తిరిగితే మిగిలిన చెత్త ఇంతే. డబ్బా ఇంకా సగం ఖాళీ. కిందటేడు నా నడుం ఎత్తు సంచి నిండింది. నాకు గర్వంగా ఉంది, దాచుకోను.

తర్వాత చిట్టెమ్మ గారు కంచాలు లెక్కపెట్టింది. ఇరవై ఒకటి దగ్గర ఆగింది. "ఒకటి నీళ్ళలో జారిపోయిందండి. దీనమ్మ గారిది. వెతికాం, దొరకలేదు" అన్నాను. చిట్టెమ్మ గారు భర్త వైపు చూసింది. నాగేశ్వరరావు గారు కంచాల వైపు, ఆ తర్వాత గిన్నె మీద మూతగా ఉన్న కంచం వైపు చూశారు. పొద్దున్నే ఆయన దాన్ని చూసి ఉంచుకున్నారని అప్పుడర్థమైంది. "ఒకటి తగ్గిందండి" అన్నారు. అవునండి అన్నాను. "సరే, ఎల్లి రండి. నీళ్ళు తగ్గాక చూస్తాం" అన్నారు. ఔనని గానీ కాదని గానీ ఇంకేం అనలేదు. తిరుగు ఆటోల్లో పాటలు పాడుకుంటూ వెళ్దామనుకున్నవాళ్ళం గతుకులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాం. ఏలూరులో ఆరింటి రైలు అందుకుని ఏడున్నరకి గూడెంలో దిగాం. దిగేటప్పుడు మా ఆటో డ్రైవరు గుర్తొచ్చాడు. ఏలూరు స్టేషన్ దగ్గర మమ్మల్ని దింపాక వాటర్ ప్యాకెట్టు తాగి, ఖాళీది మడిచి జేబులో పెట్టుకున్నాడు, నా వైపు దొంగచూపు చూస్తూ.

ఇది జరిగి నెలన్నర. మొన్న శుక్రవారం నేను స్కూలు నుంచి వచ్చేసరికి మా అరుగు మీద ఒక మూట ఉంది. ఏలూరు నుంచి వచ్చే చేపల వ్యాను అతను పెట్టి వెళ్ళాడని పక్కింటివాళ్ళు చెప్పారు. విప్పబోతే మూతికి మూడు ముళ్ళు. లోపల తామరాకుల్లో చుట్టిన ఎండు చేపలు, వాటి కింద తళతళ తోమిన కంచం. ఎస్. దీనమ్మ, స్టాఫ్ నర్సు. నేను ఆ అరుగు మీదే కూర్చుండిపోయాను. కాసేపటికి మూట గుడ్డ వైపు చూశాను. వెలిసిపోయిన బియ్యం సంచి. దాని మీద ఎర్ర చిలక. మూతి పక్కన కుక్కలు చింపిన చోట నీలం రంగు వలదారంతో ఒత్తుగా, ఎంతో అందంగా కుట్టి ఉంది.

వెంటనే ఫోను చేశాను. చిట్టెమ్మ గారే ఎత్తింది. "నీళ్ళు దిగాయండి, మెట్టు కిందే ఉంది. పేరుంది కదండీ, ఎక్కడికి పోద్ది? కాళీ కంచం పంపకూడదని నాలుగు చేపలేశాను" అంది. మరి సంచి అన్నాను. "మీ సంచేనండి. గట్టి సంచి. కడుక్కుని ఏడాదంతా వాడుకున్నాం." ఆవిడే మళ్ళీ అంది, "సంచి మాత్రం మాకు కావాలండి. జనవరిలో వచ్చేటప్పుడు మర్చిపోకుండా తెచ్చియ్యండి. మా ఆయన రెండు పడవలూ మీకే అట్టిపెడతానన్నారు."

ఆ సాయంత్రం కంచం, చేపలు పట్టుకుని దీనమ్మ గారింటికి పరుగెత్తాను, యాభై రెండేళ్ళ వయసులో నిజంగానే పరుగెత్తాను. ఆవిడ కంచం అందుకుని తన పేరుని వేలితో తడిమి చూసుకుని, ఆ రాత్రి ఆ చేపలే వండి మాకందరికీ కబురు పెట్టారు. ఎవరి కంచాలు వాళ్ళం తీసుకెళ్ళాం, ఎవరూ చెప్పకుండానే. తక్కువ కొనడం, ఉన్నదాన్ని తిప్పి తిప్పి వాడటం అంటే ఏదో నోరు కట్టుకుని బతకడం అని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. అలా ఏం లేదు. మా సమాజం చేసిన ప్రయాణాల్లో ఇంత తిన్నదీ, ఇంత నవ్విందీ ఇంకొకటి లేదు. చర్చి ప్రేమ విందుకి కూడా ఇక నుంచి కంచాలే అని కరుణమ్మ గారే సభలో ప్రతిపాదించారు. బిస్కెట్లకి మాత్రం మినహాయింపు అడిగారు, ఇచ్చాం. చిలక సంచి ఉతికి, మడిచి, మా బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టాను.

మీరూ ఇలా వెళ్దామనుకుంటే ఒక్క సలహా. కంచం, గ్లాసు ఎలాగూ తీసుకెళ్తారు. అది కాక, బయలుదేరే ముందే ఆ ఊరికి ఫోను చేసి మీ చెత్త ఎవరు తీస్తారో అడగండి. "ఎవరో ఒకరు తీస్తార్లెండి" అని మీకు అనిపిస్తే, ఆ మనిషి పేరు కనుక్కునేదాకా ఫోను పెట్టెయ్యకండి. మా రేవులో ఆ మనిషి పేరు చిట్టెమ్మ.